బాలింత మోషన్ మందు తాగితే పాలలోకి దిగుతుందా?

ప్రశ్న: డాక్టరమ్మా, సిజేరియన్ అయి ఐదు వారాలు. చంద్రగిరిలో పుట్టింట్లో ఉన్నాను. మూడు రోజులకోసారి కూడా మోషన్ సరిగా కావడం లేదు, కుట్ల భయంతో ముక్కలేకపోతున్నా. మా అవ్వ ఆముదం తాగమంటోంది. మందుల షాపులో లాక్టులోజ్ సిరప్ ఇచ్చారు. అది తాగితే పాపకు విరేచనాలు పట్టుకుంటాయంటోంది అత్త. తాగిన రోజు పాలు పిండి పారబోయాలా?
- ఒక సోదరి, తిరుపతి జిల్లా

జవాబు: ఒక్క చుక్క కూడా పారబోయొద్దు తల్లీ. లాక్టులోజ్ పేగులోనే ఉండి నీళ్లను లాక్కుని మలాన్ని మెత్తబరుస్తుంది, రక్తంలోకి చేరేది దాదాపు ఉండదు, ఇక రక్తంలో లేనిది పాలలోకి ఎక్కడినుంచి వస్తుంది? కాకపోతే తాగిన గంటకే పనిచేయదు, ఒకటి రెండు రోజులు పడుతుంది, కొంచెం కడుపుబ్బరం ఉండొచ్చు. డోసు మాత్రం మీ డాక్టర్‌ని అడుగు. ఇసబ్గోల్ అనే పీచు పొట్టు కూడా మంచిదే, కానీ దాన్ని నిండు గ్లాసు నీళ్లతో తాగాలి, లేకపోతే లోపల ముద్దకట్టి ఉన్న బాధ రెట్టింపవుతుంది.

ఆముదం వద్దు. అవ్వ మాట తీసేయడం కాదు, కానీ దాంతో కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు వస్తే పాలిచ్చే తల్లి నీరసపడిపోతుంది. మోషన్ కోసం అమ్మే చూర్ణం ప్యాకెట్లలో చాలావాటిలో సునాముఖి అనే విరేచనం చేయించే ఆకు ఉంటుంది. మామూలు మోతాదులో అది బిడ్డకు ఇబ్బంది చేయడం అరుదే, కానీ ఎంత వేశారో తెలియని పొడి ఎందుకు?

అసలు నాకు అనుమానం మీ ఇంటి పథ్యం మీదే. బాలింత నీళ్లు తాగితే పొట్ట వస్తుందని, కూరగాయలు పడవని, పూటపూటకీ కారప్పొడి అన్నమే పెడుతుంటే మోషన్ ఎలా అవుతుంది? పాలిచ్చేటప్పుడు దాహం ఎక్కువ, దాహమైనప్పుడల్లా తాగు. ఆకుకూర పప్పు, రాగి సంగటి, జామకాయ తిను. ఐరన్ మాత్ర వేసుకుంటుంటే అదీ మలాన్ని గట్టిపరుస్తుంది, అలాగని మానేయకు, రకం మార్చమని డాక్టర్‌నే అడుగు.

తల్లిపాలు తాగే పసిబిడ్డ రోజుకు నాలుగైదుసార్లు పసుపురంగులో పలచగా వెళ్లడం మామూలే, అది నీ సిరప్ వల్ల అనుకుని టెన్షన్ పడొద్దు. ఒక్కసారిగా నీళ్లలా పోతూ, పాలు తాగకుండా మగతగా ఉంటే మాత్రం వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించు. నీకైతే మలంలో రక్తం, జ్వరం, వాంతులు, కడుపు బిగుసుకుపోయి గ్యాస్ కూడా పోకపోవడం, వీటిలో ఏది కనిపించినా సిరప్ పక్కనపెట్టి ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఆ రోజే వెళ్లు.