పాత లాప్‌టాప్ బాగుచేయించుకోవాలా, కొత్తది కొనాలా?

అమెరికాలో ఎం.ఎస్.కి బయలుదేరే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. బీటెక్‌లో కొన్న లాప్‌టాప్ ఉంది, మెల్లగా నడుస్తోంది. దాన్నే బాగుచేయించి తెచ్చుకోవాలా, కొత్తది కొనుక్కుని విమానం ఎక్కాలా?

నా సలహా ఒక్కటే. బాగుచేయించుకునేది ఉంటే అక్కడ ఇండియాలోనే చేయించుకోండి. కొనేది ఉంటే ఇక్కడికి, అమెరికాకి వచ్చాక కొనండి.

ఎందుకంటే, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయానికి వెళ్తే మీ కళ్లెదుటే మూత విప్పి, డిస్క్ మార్చి, విండోస్ ఎక్కించి సాయంత్రానికల్లా చేతికిచ్చేస్తారు. విజయవాడలోనైనా వైజాగ్‌లోనైనా ఇలాంటి షాపులకు కొదవ లేదు. కూలీ కొన్ని వందల రూపాయల్లో తేలిపోతుంది. ఇక్కడ డాలస్‌లో అదే పనికి, మిషన్‌లో ఏం పాడైందో చూసి చెప్పినందుకే చాలా షాపులు విడిగా డాలర్లు తీసుకుంటాయి. కొత్త లాప్‌టాప్ సంగతి దీనికి తిరగబడుతుంది. ఇండియాలో దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంది. అదే స్థాయి మోడల్ ఇక్కడ చాలాసార్లు తక్కువకే దొరుకుతుంది. పైగా కొన్ని కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే పనిచేస్తుంది. అక్కడ కొన్న లాప్‌టాప్ ఇక్కడ మొదటి సెమిస్టర్‌లోనే మొరాయిస్తే, కాగితాలన్నీ చేతిలో ఉన్నా ప్రయోజనం ఉండకపోవచ్చు.

ఇక మీ పాత లాప్‌టాప్ బాగుచేయించడానికి పనికొస్తుందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. దీనికి ఎవరినీ అడగక్కర్లేదు, పది నిమిషాలు కూర్చుంటే చాలు.

మొదట ప్రాసెసర్ నంబరు చూడండి. ఇంటెల్ ఐ7 అని స్టిక్కర్ ఉందని మురిసిపోవద్దు. గీత తర్వాత వచ్చే అంకెలు ముఖ్యం. ఐ7-7500యు అంటే ఏడో తరం, రెండు కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు). ఐ5-8250యు అంటే ఎనిమిదో తరం, నాలుగు కోర్లు. పేరుకు చిన్నదైనా రెండోదే మేలు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే విండోస్ 11 పడుతుంది. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవాళ్లకు పొడిగింపు ఇచ్చినా, అందులో చేరినవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకే అని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. బ్యాంకు ఖాతా, ఐ-20 (వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం), పాస్‌పోర్ట్ స్కాన్లు అన్నీ ఉండే మిషన్ మీద అప్‌డేట్లు రాని విండోస్ పెట్టుకుని తిరగడం మంచిది కాదు. కాబట్టి అన్నయ్యో అక్కో వాడి ఇచ్చిన ఏడో తరం లాప్‌టాప్ మీద డబ్బు పెట్టకండి. అందులో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి ఇంట్లో నాన్నగారికి ఇవ్వండి, వార్తలు చదువుకోవడానికీ మీతో వీడియో కాల్ మాట్లాడటానికీ బాగానే పనికొస్తుంది.

ప్రాసెసర్ సరే అనుకుంటే, రోజూ వాడేవన్నీ తెరిచి పెట్టి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అన్న చోటికి వెళ్లండి. పోయినేడాది మా చుట్టాలబ్బాయి లాప్‌టాప్ చూస్తే, ప్రాసెసర్ పదిహేను శాతం దగ్గర ఖాళీగా కూర్చుంది, డిస్క్ మాత్రం నూటికి నూరు చూపిస్తోంది. లోపల పాత తిరిగే హార్డ్ డిస్క్. దాన్ని తీసేసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేస్తే, కొత్తది కొనాలని పట్టుబట్టిన అబ్బాయి ఆ మాటే మర్చిపోయాడు. మీ దాంట్లో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే ముందు మార్చాల్సింది అదే. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా చూపించే మార్పు ఇంకొకటి లేదు. మార్చే ముందు ఫైళ్లన్నీ వేరే చోట కాపీ చేసుకోండి. డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. విండోస్ లైసెన్స్ గురించి టెన్షన్ వద్దు, అది మదర్‌బోర్డును పట్టుకుని ఉంటుంది. డిస్క్ మారినా అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

డిస్క్ బాగానే ఉండి మెమరీ నిండిపోతుంటే సమస్య ర్యామ్‌ది. అదే పేజీలో మెమరీ మీద నొక్కితే కనిపించే ఫార్మ్ ఫ్యాక్టర్ అన్న చోట సోడిమ్ అని ఉంటే ర్యామ్ మార్చుకోవచ్చు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అది బోర్డుకే అతికించి ఉంది. ఎక్స్‌ట్రా స్లాట్ లేకపోతే ఇక పెంచే దారి లేదు. 2020 చివరి నుంచి వచ్చిన, ఆపిల్ సొంత ఎం సిరీస్ చిప్పులున్న మాక్‌బుక్‌లలోనూ అంతే, కొన్నప్పుడు ఎంతో చివరిదాకా అంతే. ఇంకో మాట. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు ఎగబడి కొంటున్నందువల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ ఆ వ్యాపారమే మానుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అందుకని ర్యామ్ ధర అడగకుండా అప్‌గ్రేడే చవక అని తీర్మానించుకోవద్దు.

బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే ఆ లాప్‌టాప్‌తో విమానం ఎక్కనే వద్దు. ముందు మార్పించండి. స్క్రీన్, కీబోర్డ్, హింజ్ (మూత కీలు) మూడింట్లో రెండు పోయినా నేనైతే దాన్ని వదిలేస్తాను. డిస్క్, ర్యామ్, బ్యాటరీ మార్చే ఖర్చు కలిపి కొత్తదాని ధరలో మూడో వంతు దాటినా అంతే.

చార్జర్ గురించి కంగారు పడేవాళ్లూ ఉంటారు. అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటే ఇక్కడి 120 వోల్టుల కరెంటుకు హాయిగా పనిచేస్తుంది. పిన్ మార్చే చిన్న కన్వర్టర్ చాలు.

ఇక కొత్తది కొనే పని. వచ్చిన వారమే షాపుకు పరుగెత్తకండి. క్లాసులు మొదలయ్యాక ప్రొఫెసర్లు ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారో చూడండి. మెషీన్ లెర్నింగ్ చదువుతాం కాబట్టి పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ లాప్‌టాప్ కావాలని అక్కడే లక్షన్నర పెట్టి కొనుక్కొచ్చేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. బరువైన పనులకు చాలా యూనివర్సిటీల్లో క్లస్టర్లు (కలిసి పనిచేసే పెద్ద కంప్యూటర్లు), ల్యాబులు ఉంటాయి. అసైన్‌మెంట్లకు బ్రౌజర్‌లోనే ప్రోగ్రాములు నడిపే గూగుల్ కొలాబ్ ఉచితంగా దొరుకుతుంది. అదే మెకానికల్, సివిల్ పిల్లలైతే మాక్ కొనేముందు ఆలోచించండి. వాళ్లు వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్లు సాలిడ్‌వర్క్స్, రెవిట్ విండోస్ మీదే నడుస్తాయి.

ఇక్కడ ధర చీటీ మీద ఉన్నదే ఇచ్చే మొత్తం కాదు. సేల్స్ ట్యాక్స్ బిల్లులో కలుస్తుంది. డాలస్‌లో అది 8.25 శాతం. టెక్సస్‌లో ఆగస్టులో వచ్చే ట్యాక్స్ ఫ్రీ వారాంతం బట్టలకు, స్కూలు సామానుకే, కంప్యూటర్లకు వర్తించదు. దాని కోసం ఆగకండి. ఒరెగాన్, డెలావేర్, న్యూ హాంప్‌షైర్‌లలో ఉన్నవాళ్లకు ఆ ట్యాక్సే లేదు. నవంబర్ నాలుగో గురువారం తర్వాత వచ్చే బ్లాక్ ఫ్రైడే దాకా ఓపిక పడితే మంచి బేరాలు తగులుతాయి. అప్పటిదాకా పాతది లాగించవచ్చు. ఆపిల్ వాళ్లే బాగుచేసి అమ్మే రిఫర్బిష్డ్ మాక్‌లకు ఏడాది వారంటీ ఉంటుంది, స్టూడెంట్‌కి అవి చాలా మంచివి.

చదువైపోయిన సీనియర్లు అమ్మే లాప్‌టాప్‌లూ బాగుంటాయి, కానీ డబ్బు చేతికిచ్చే ముందు ఎదురుగా రీసెట్ చేయించండి. మాక్ అయితే వాళ్ల ఆపిల్ ఐడీ పూర్తిగా తీసేశాక, మీ ఐడీతో సెటప్ చివరిదాకా వెళ్తోందో చూడండి. మధ్యలో ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే అది ఆఫీసు లాప్‌టాప్, ఎంత చవకైనా వదిలేయండి.

కొత్తది వచ్చాక పాతది ఇంటికి పంపాలనుకుంటే, ఇండియా వెళ్లే పద్దెనిమిదేళ్లు దాటిన ప్రయాణికులు ఒక లాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తీసుకెళ్లవచ్చు. ఆ ఒక్కటి తమ సొంతానికి ఉంచుకున్నారేమో వాళ్లను ముందే అడగండి. ఇచ్చేముందు రీసెట్‌లో అన్నీ తీసేయమని ఎంచుకుని, డేటా క్లీన్ చేయమన్న ఆప్షన్ కూడా ఆన్ చేయండి.