పుట్టగొడుగును కోసే రంపం

తమ్ముడూ,

నీ కథ చదివాను, ఆగకుండా రెండోసారి కూడా చదివాను. నీకు ఊహ ఉంది, అందులో అనుమానమే లేదు. కానీ పిల్లవాడు అడవిలో అడుగు పెట్టగానే అద్భుతం, మాయ, వింత అంటూ మాటలు గుప్పించేశావు, అక్కడ ఏముందో మాత్రం నాకు ఒక్కటీ కనబడలేదు.

అందుకే ఇవాళ బొమ్మలు గీసే ఒకాయన గురించి రాస్తున్నాను. ఆర్థర్ రాకమ్, లండన్‌వాడు. ఇంగ్లిష్ పిల్లల పుస్తకాల బొమ్మలకు స్వర్ణయుగం అనే రోజుల్లో, నన్నడిగితే, అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన పేరు. జె.ఎం. బారీ రాసిన 'పీటర్ పాన్ ఇన్ కెన్సింగ్టన్ గార్డెన్స్'కి 1906లో ఆయన 50 రంగుల బొమ్మలు వేశాడు. అందులో ఒకచోట, పుట్టగొడుగును రంపంతో కోస్తున్న ఫెయిరీ పనివాళ్లు (బుల్లి మాయాజీవులు) పనిముట్లు వదిలేసి పారిపోయారని బారీ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లిపోతాడు. రాకమ్ అక్కడే ఆగి దానికో బొమ్మ వేశాడు! పుట్టగొడుగు కోయాలంటే రంపం కావాలి, రంపం లాగడానికి మనుషులు కావాలి, అంతే, ఆ బుల్లి లోకానికి పనీపాటా వచ్చేసింది, మనం నమ్మేశాం. ఆయన చెట్లు చూడు. ముడులు పడ్డ మొదళ్లు, వంకర్లు తిరిగిన వేర్లు, కాసేపు చూస్తే మానులో ఒక ముసలి మొహం తేలుతుంది. కానీ ముందు అది అచ్చమైన చెట్టు.

పని చేసే తీరు కూడా తెలుసుకో. ముందు పెన్సిలు, దానిమీద నల్ల ఇంకు గీత, అది ఆరాక పెన్సిల్ గుర్తులు చెరిపేసి, అప్పుడు పల్చటి నీటిరంగులు పొర మీద పొర. మూడు రంగుల్ని ఒకదానిమీద ఒకటి వేసే ఆనాటి అచ్చులో బొమ్మ కాస్త మసకబారినా ఆ గీతే దాన్ని నిలబెట్టేది. నీ కథలో రంగు ఉంది, గీత లేదు: ఆ పిల్లవాడికి ఏం కావాలి, ఎందుకు అడవికెళ్లాడు? (వీలైతే పాత ప్రతిలోనే చూడు. నున్నటి కాగితం మీద అచ్చువేసి, విడిగా అంటించిన బొమ్మలవి. ఫోన్‌లో చూస్తే ఆ గోధుమరంగు సగం చచ్చిపోతుంది.)

ఉద్యోగం మానేసి రాసుకుంటానన్నావు. వద్దు, ఇప్పుడే వద్దు. రాకమ్ 18వ ఏట బీమా ఆఫీసులో గుమాస్తాగా చేరి, సాయంత్రాలు లాంబెత్ ఆర్ట్ స్కూల్లో నేర్చుకుంటూ, 1892లో గానీ బయటికి రాలేదు. పెద్ద పేరు తెచ్చిన పుస్తకం, ఆయన బొమ్మలు వేసిన 'రిప్ వాన్ వింకిల్', 1905లో వచ్చింది, అప్పటికి ఆయనకు 38 ఏళ్లు.

ఇంకొకటి. 1900లో గ్రిమ్ సోదరుల జానపద కథలకు వేసిన బొమ్మల్ని ఆయన వదిలెయ్యలేదు, తిరగదోడి, కొన్ని మళ్లీ గీసి, రంగులు చేర్చి, 1909లో కొత్త పుస్తకంగా తెచ్చాడు. నువ్వేమో పాత కథలు చించేశానని రాశావు! ఇకమీదట ఆ పని చెయ్యకు. మిగిలినవి ఎలా ఉన్నవి అలాగే పంపు, వచ్చే నెల నువ్వొచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.