టెక్ సందేహాలు: బీమా కంపెనీల కోట్‌లన్నీ ఒకే తెరమీద

మాది విజయవాడలో చిన్న ఇన్సూరెన్స్ బ్రోకింగ్ ఆఫీసు. ఎక్కువగా మోటారు పాలసీలే. ఒక్క కారు రెన్యువల్‌కి ఆరు కంపెనీల పోర్టళ్లు తెరిచి, అవే వివరాలు ఆరుసార్లు కొడుతున్నాం. అన్ని కోట్‌లూ (ప్రీమియం అంచనాలు) మా సాఫ్ట్‌వేర్‌లోనే పక్కపక్కన కనిపించాలి. ఏపీఐలు (రెండు సాఫ్ట్‌వేర్లు నేరుగా మాట్లాడుకునే దారులు) కలిపితే నెలలో అయిపోతుందని డెవలపర్ అంటున్నాడు. రెండు కంపెనీలతో మొదలుపెట్టాం కానీ, తెరమీద చూపిన ప్రీమియం ఒకటి, డబ్బు కట్టేటప్పుడు అడిగేది ఇంకొకటి. ఎందుకు?
– ఓ పాఠకుడు, విజయవాడ

నెలలో అయ్యేది కనెక్షన్ ఒక్కటే. కంపెనీ మీ సర్వర్ ఐపీని (ఇంటర్నెట్ చిరునామాను) అనుమతిస్తుంది, టోకెన్ (తాళంచెవి లాంటి కోడ్) ఇస్తుంది, యూఏటీలో, అంటే పరీక్షల కోసం పెట్టిన సిస్టంలో, నాలుగు పాలసీలు తీసి చూస్తారు. అసలు పని మాస్టర్లది, అంటే కంపెనీలు వాడే కోడ్ల జాబితాలది. కార్ల మోడళ్లకు ప్రతి కంపెనీకీ సొంత కోడ్ల జాబితా ఉంటుంది. ఒకే వేరియంట్‌లో మాన్యువల్ గేరు, ఆటోమేటిక్ గేరు బండ్లకు ఒకరు వేర్వేరు కోడ్లు ఇస్తే, మరొకరు ఒకే కోడ్ కింద ఉంచుతారు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ప్రోగ్రామే జతచేస్తే బండి మారిపోతుంది. దాంతో ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) మారుతుంది, ప్రీమియం మారుతుంది. రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు పాలసీలో ఉన్నది వేరే బండి అవుతుంది. అందుకే మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే రెండొందల మోడళ్లను ముందు తీసుకుని, బండ్లు తెలిసిన మనిషిని కూర్చోబెట్టి మ్యాపింగ్ (ఏ కోడ్‌కు ఏ కోడ్ సరిపోతుందో జతచేయడం) చేయించండి. జత కుదరని చోట ‘కోట్ లేదు’ అని చూపించండి, ఊహించవద్దు.

ఆర్టీఓ కోడ్లదీ ఇదే కథ. ఏపీ 16 అనగానే విజయవాడ బండి అనుకున్న రోజులు పోయాయి. 2019లో ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు చూసి జిల్లా చెప్పలేం. ఆర్సీలో ఉన్న రిజిస్టరింగ్ అథారిటీ పేరును విడిగా తీసుకోవాలి. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది, పాతవి టీఎస్‌తోనే తిరుగుతున్నాయి. మీ పట్టికలో రెండూ ఉండాలి.

మ్యాపింగ్ సరిగ్గా ఉందో లేదో పట్టుకోవడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. ఓన్ డ్యామేజ్ (మన బండికే జరిగే నష్టానికి బీమా) ధర ఏ కంపెనీ ఇష్టం దానిది. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా) ప్రాథమిక ప్రీమియం మాత్రం కేంద్రం నిర్ణయిస్తుంది, అందరికీ ఒకటే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో వెయ్యి సీసీ దాటి పదిహేను వందల లోపున్న సొంత కారుకు ఏడాదికి 3,416 రూపాయలు. కాబట్టి ఆరు కోట్‌లలో ఆ ఒక్క అంకెనే పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ తేడా వస్తే అక్కడ సీసీయో, బండి రకమో తప్పుగా వెళ్తోందన్నమాట. రోజూ రాత్రి కంప్యూటరే ఈ పరీక్ష చేసేలా పెట్టుకోండి.

ఇక మీరడిగిన తేడా. మొదట వచ్చేది క్విక్ కోట్. దానికి బండి నంబరు, మోడల్, ఊరు ఇస్తే చాలు, మిగతావన్నీ కంపెనీ అనుకుని లెక్క వేస్తుంది. పోయినేడు క్లెయిమ్ ఉందని ఫుల్ కోట్ (అన్ని వివరాలూ ఇచ్చాక వచ్చేది) దగ్గర తేలితే నో క్లెయిమ్ బోనస్ ఎగిరిపోతుంది. అది 20 నుంచి 50 శాతం దాకా ఉండే తగ్గింపు, చిన్న విషయం కాదు. పాలసీ గడువు తీరి 90 రోజులు దాటినా బోనస్ పోతుంది. పాత పాలసీ వివరాలు ముందే అడిగి, క్విక్ కోట్‌లోనే పంపండి. డబ్బు కట్టే లింకు ఇచ్చే ముందు ఫుల్ కోట్ మళ్లీ తెప్పించి, తేడా ఉంటే కస్టమర్‌కు చూపించి ఒప్పుకున్నాకే ముందుకెళ్లండి. పంపింది, వచ్చింది రెండూ కోట్ నంబరుతో, టైముతో సహా దాచుకోండి.

తప్పకుండా చూసుకోవాల్సింది మరొకటి: మీ డేటాబేసులో ‘పాలసీ ముగింపు తేదీ’ ఒక్కటే ఉందా? 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు థర్డ్ పార్టీ మూడేళ్లకు ఒకేసారి తీసుకుంటున్నారు. ఓన్ డ్యామేజ్ చాలామందికి ఏడాదికే ముగుస్తుంది. అంటే ఒక్కో కారుకు రెండు తేదీలు. ఒక్క తేదీయే ఉంటే రెండో ఏడు సాఫ్ట్‌వేర్ పూర్తి ప్యాకేజీకి కోట్ అడుగుతుంది, కస్టమర్ థర్డ్ పార్టీకి రెండుసార్లు కడతాడు. ఇది వాళ్ల జేబుకు తగిలే తప్పు, మొదటి రోజే సరిచేయండి.

డబ్బు కట్టాక పాలసీ జారీ అయ్యేలోపు సర్వర్ స్పందించకపోతే మళ్లీ డబ్బు అడగకూడదు. ముందు స్టేటస్ అడగాలి. బీమా చట్టం 64వీబీ ప్రకారం ప్రీమియం అందకుండా రిస్కు మొదలవదు. కోట్ పీడీఎఫ్ చేతికి రాగానే ఇన్సూరెన్స్ అయిపోయిందనుకుని బండి తీసే వాళ్లు ఉంటారు. ఆ కాగితం పైనే ‘ఇది పాలసీ కాదు’ అని పెద్ద అక్షరాల్లో తెలుగులో వేయించండి.

నేను కరీంనగర్‌లో పీఓఎస్‌పీని (బ్రోకరు కింద పాలసీలు అమ్మే వ్యక్తిని). పోర్టల్ లాగిన్ ఇస్తే ఫారాలన్నీ తనే నింపేసే ప్రోగ్రామ్ రాస్తానని తెలిసిన కుర్రాడు అంటున్నాడు. ఇవ్వొచ్చా?

వద్దండీ. ఆ లాగిన్‌తో ఏం జరిగినా మీ పేరు మీదే పడుతుంది. 2023 జనవరి నుంచి పాలసీలకు కేవైసీ తప్పనిసరి కాబట్టి జనం పాన్, ఆధార్ వివరాలు కూడా ఆ ప్రోగ్రామ్ చేతిలో పడతాయి. పైగా పోర్టల్‌లో ఒక గడి అటూ ఇటూ జరిగితే ఒకదాని అంకె ఇంకోదాంట్లో పడుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. మీరు ఏ బ్రోకరు కింద ఉన్నారో వాళ్లనే అడగండి. మీ రెన్యువళ్ల జాబితా ఎక్సెల్‌లో ఇప్పించుకుంటే చాలావరకు టైపింగ్ బాధ తప్పుతుంది.

మా సాఫ్ట్‌వేర్ ఫ్యామిలీ హెల్త్ పాలసీకి ఇంకా 18 శాతం జీఎస్టీ కలుపుతోంది.

వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ ఒకే పాలసీ) హెల్త్ పాలసీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. గ్రూప్ పాలసీలకు, మోటారుకు ఉంది. మీ కోడులో ఎవరో 18 అని నేరుగా రాసిపెట్టారు. దాన్ని సున్నా చేసి ఊరుకోకండి, మోటారు లెక్క తప్పుతుంది. కంపెనీ పంపే కోట్‌లో పన్ను విడిగానే వస్తుంది, ఆ అంకెనే చూపించమనండి.