థైరాయిడ్ గొంతులో కదా, మతిమరుపు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 38. రెండేళ్ళుగా థైరాయిడ్ మాత్ర, 75 మైక్రోగ్రాములది, వేసుకుంటున్నాను. కిందటి నెల టీఎస్‌హెచ్ 2.1 వచ్చింది, నార్మల్ అన్నారు. అయినా తలంతా మొద్దుబారినట్టే ఉంటోంది. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. మా ఆడపడుచు "థైరాయిడ్ ఉండేది గొంతులో, దానికీ మతిమరుపుకీ ఏంటి సంబంధం" అంటోంది. డోసు నేనే కాస్త పెంచుకోనా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సంబంధం ఉందమ్మా. మీ ఆడపడుచుని మరీ తప్పుపట్టకండి, డాక్టర్లే చాలాకాలం అలా అనుకున్నారు. థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోను ఎక్కువైతే గుండె, కాలేయం, కండరాలు ఆక్సిజన్ ఎక్కువ వాడతాయి కానీ ఎదిగిన మెదడు మాత్రం వాడకం పెంచడం లేదని 1950లలో తేలింది. దాంతో పసిపిల్లల మెదడు ఎదగడానికే థైరాయిడ్ కావాలి, పెద్దయ్యాక మెదడుకు దాంతో పనిలేదు అన్న మాట పాతుకుపోయింది. విచిత్రం ఏంటంటే, అంతకు ఎంతో ముందే, 1888లో, లండన్ క్లినికల్ సొసైటీ కమిటీ థైరాయిడ్ బాగా తగ్గినవాళ్ళను వందమందికి పైగా పరిశీలించి, దాదాపు సగంమందిలో భ్రమలు, లేనివి కనబడటం లాంటివి ఉన్నాయని రాసింది. రోగిని దగ్గరుండి చూసినవాళ్ళకు తెలిసిన సంగతి ల్యాబ్‌కి ఆలస్యంగా అందిందన్నమాట.

ఇప్పుడు తెలిసింది ఇదీ. గ్రంథి నుంచి వచ్చేది, మీ మాత్రలో ఉండేది టీ4. అది నిల్వ సరుకు. అందులోంచి ఒక అయోడిన్ తీసేస్తే వచ్చే టీ3దే అసలు పని. మెదడు ఈ టీ3 కోసం రక్తం మీదే ఆధారపడదు, టీ4ని లోపలికి తీసుకుని ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాల్లో, డీ2 అనే ఎంజైముతో, తనకు కావలసింది చాలావరకు అక్కడికక్కడే తయారు చేసుకుంటుంది. ఆ టీ3 పక్కనున్న న్యూరాన్లు అనే నాడీకణాల్లోకి వెళ్ళి ఏ జన్యువు పని చేయాలో, ఏది ఆగాలో మారుస్తుంది. ఎక్కువైతే చెరిపేయడానికి న్యూరాన్లలోనే డీ3 అని ఇంకో ఎంజైము ఉంది. రక్తంలో హార్మోను తగ్గితే డీ2 పుంజుకుంటుంది, డీ3 వెనక్కి తగ్గుతుంది, అందుకే చిన్నచిన్న తేడాలను మెదడు బాగానే తట్టుకుంటుంది. మరీ తగ్గితే తట్టుకోలేదు. పెద్ద ఎలుకల్లో థైరాయిడ్ తగ్గిస్తే జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లో కొత్త న్యూరాన్లు పుట్టడం మందగిస్తుంది. మనుషుల్లోనూ దిగులు, నిదానం, మతిమరుపు వస్తాయి.

ఇక మీ రిపోర్టు. టీఎస్‌హెచ్ అనేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి చెప్పే మాట, హార్మోను తగ్గితే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. డోసు నిర్ణయించడానికి దానికంటే మంచి పరీక్ష లేదు, నిజమే. కానీ దాన్నిబట్టి మెదడు లోపలంతా సరిగ్గా ఉందని చెప్పడం, వీధి కుళాయిలో నీళ్ళొస్తున్నాయి కాబట్టి వంటింట్లో బిందె నిండే ఉంటుందనుకోవడం లాంటిది. అందుకని "నార్మలే, మీదంతా టెన్షన్" అని పంపేయడం నాకు నచ్చదు. అలాగని మీరు డోసు పెంచుకోవడం అంతకన్నా తప్పు! ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి, నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మతిమరుపు ఇంకా పెరుగుతుంది. టీ3 మాత్ర కలిపి ఇస్తే బాగుంటుందా అని చాలామంది అడుగుతారు. కొందరు రోగులు అదే బాగుందన్నారు కానీ, ట్రయల్స్‌లో మొత్తమ్మీద పెద్ద తేడా కనబడలేదు.

మీరు చేయాల్సింది వేరే ఉంది. మాత్ర పరగడుపున, నీళ్ళతోనే వేసుకుని కాఫీకి కనీసం అరగంట ఆగుతున్నారా? ఐరన్, క్యాల్షియం మాత్రలుంటే నాలుగు గంటల ఎడం ఇవ్వండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12 చూపించుకోండి, థైరాయిడ్ ఉన్న ఆడవాళ్ళలో ఇవి తగ్గడం బాగా చూస్తుంటాం, లక్షణాలు కూడా అచ్చం ఇవే. గురక ఉందా, మనసు దిగులుగా ఉంటోందా అన్నదీ డాక్టరుకి చెప్పండి, సిగ్గుపడకండి.

ప్రశ్న: మా అమ్మకి 74. టీఎస్‌హెచ్ 6.2, టీ4 మామూలుగానే ఉంది. మాట్లాడింది వెంటనే మరిచిపోతోంది. మాత్ర మొదలుపెడితే జ్ఞాపకశక్తి వస్తుందా?
- విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వచ్చే అవకాశం తక్కువ. వయసుతోపాటు టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం మామూలే. 65 దాటి, ఇలాగే కొద్దిగా పెరిగిన 737 మంది మీద యూరప్‌లో చేసిన ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. ఏడాది గడిచాక చూస్తే నీరసం, థైరాయిడ్ లక్షణాలు మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ ఒకలాగే ఉన్నాయి. కాబట్టి మాత్ర మొదలుపెట్టి, పనిచేస్తుందేమో అని నెలలు గడపకండి. ముందు వినికిడి, బీ12 చూపించండి, నిద్రమాత్రలు ఏమైనా వాడుతున్నారేమో కనుక్కోండి, న్యూరాలజిస్టు దగ్గర జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి.

ప్రశ్న: చేతులు వణుకు, ఊరికే చిరాకు. టీఎస్‌హెచ్ బాగా తక్కువ వచ్చింది. జుట్టు కోసం బయోటిన్ వాడుతున్నాను, చెప్పాలా?
- ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: తప్పకుండా చెప్పాలి. బయోటిన్ అనే ఈ బీ విటమిన్ వల్ల కొన్ని ల్యాబ్ పరీక్షల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనబడుతుంది. కనీసం రెండు రోజులు, వీలైతే ఇంకా ఎక్కువ, ఆపి మళ్ళీ చేయించుకోండి. అప్పుడూ తక్కువే ఉంటే హార్మోను నిజంగానే ఎక్కువైనట్టు, మీ చిరాకుకి కారణం అదే కావచ్చు. వెంటనే ఎండోక్రైనాలజిస్టుని, అంటే హార్మోన్ల డాక్టరుని, కలవండి.