స్టోర్‌లో అమ్మారు కదా అని మజిల్‌లోడర్ సీజన్‌లో వాడొచ్చా?

ప్రశ్న: మేము కొలరాడోలోని అరోరాలో ఉంటాం. నాది హెచ్-1బీ. ఈసారి డ్రాలో (లాటరీలో) సెప్టెంబరు మజిల్‌లోడర్ (మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించే తుపాకీ) సీజన్‌కు ఆడ ఎల్క్ (పెద్ద జింక జాతి జంతువు) వేట లైసెన్సు వచ్చింది. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉంది. ఆఫీసు స్నేహితుడు తన .50 క్యాలిబర్ (గొట్టం వ్యాసం అర అంగుళం) ఇన్‌లైన్ తుపాకీ, అంటే గొట్టానికి సరిగ్గా వెనక నుంచే మందు అంటుకునే కొత్త తరహా మజిల్‌లోడర్, ఇస్తానన్నాడు. దానికి స్కోపు (గురి చూసే దుర్భిణి) ఉంది. తుపాకీ మందు బిళ్లలు, ప్లాస్టిక్ తొడుగున్న గుళ్లు నేనే స్టోర్‌లో కొన్నాను. వీటితో వెళ్లొచ్చా? వీసాకు ఏమైనా అవుతుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. (ఒక పాఠకుడు)

జవాబు: మీరు చెప్పిన వాటిలో ఈ సీజన్‌కు పనికొచ్చేది తుపాకీ ఒక్కటే. స్కోపు తీసేయండి. బిళ్లలు, తొడుగు గుళ్లు ఇంట్లోనే ఉంచండి.

స్టోర్‌లో దొరికింది కాబట్టి చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. ఆ స్టోర్ అన్ని రాష్ట్రాలవాళ్లకూ అమ్ముతుంది, రూల్సు మాత్రం ఏ రాష్ట్రానివి దానివే. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే సీజన్‌కైతే చెకుముకి రాయితో పేలే తుపాకీయే ఉండాలి, మీ ఇన్‌లైన్ అక్కడ అసలు పనికిరాదు. కొలరాడో ఇన్‌లైన్‌ను ఒప్పుకుంటుంది కానీ మిగతా విషయాల్లో గట్టిగా ఉంటుంది. దానికి కారణం ఉంది. సెప్టెంబరు ఎల్క్‌లు జతకట్టే కాలం. మగవి అరుస్తూ తిరుగుతాయి, మంద ఎక్కడుందో తేలిగ్గా తెలిసిపోతుంది. అలాంటి రోజుల్లో వేటగాడిని అడవిలోకి పంపుతున్నారంటే, ఆయుధం పాతకాలపుదిగా ఉండాలన్నదే షరతు. నా దృష్టిలో ఇది న్యాయమైన షరతే.

అందుకే మజిల్‌లోడర్ సీజన్‌లో మామూలు ఇనుప సైట్లే (అద్దాలు లేని గురి గుర్తులు) ఉండాలి. స్కోపు తీశాక సైట్లు బిగించి, రేంజ్‌లో నాలుగు రోజులు గురి చూసుకోండి. బ్యాటరీతో పనిచేసే పరికరం ఏదీ తుపాకీకి తగిలించకూడదు. మందు పొడి రూపంలోనే ఉండాలి, బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీ మందు) గానీ దాని బదులు వాడే పొడి గానీ. మీరు కొన్న బిళ్లలు సుద్దముక్కల్లా ఉంటాయి. రెండో మూడో వేస్తే సరిపోతుంది కాబట్టి సులువే, కానీ ఈ సీజన్‌లో నిషేధం. స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందు) కూడా అంతే, పైగా దాన్ని మామూలు మజిల్‌లోడర్‌లో పోస్తే గొట్టం పగిలి చేతులు పోతాయి. గుండు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగును సాబో అంటారు, అదీ కుదరదు. గుండుకు చుట్టే గుడ్డ పీలికను మాత్రం సాబోగా లెక్కించరు. ఎల్క్‌కు కనీసం .50 క్యాలిబర్ ఉండాలి, అది మీకుంది. ఆ సైజులో గుండు బరువు 170 గ్రెయిన్లకు (గుళ్ల బరువు కొలిచే చిన్న ప్రమాణం) తగ్గకూడదు. కోన్ ఆకారపు గుండైతే దాని పొడవు వ్యాసానికి రెండింతలు దాటకూడదు.

ఇక వీసా సంగతి. మీ ఇంట్లోవాళ్ల భయం ఉత్తిది కాదు.

హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం అంటుంది. తప్పితే 15 ఏళ్ల వరకు జైలు. అలాంటివారికి తెలిసి తుపాకీ ఇచ్చినవారిదీ నేరమే, అంటే మీ స్నేహితుడు కూడా ఇందులో ఉన్నాడు. అయితే మీకు రెండు రక్షణలున్నాయి. మొదటిది, బ్లాక్ పౌడర్ లేదా దాని బదులు వాడే పొడి కోసమే తయారై రెడీమేడ్ తూటా పట్టని మజిల్‌లోడర్‌ను ఆ చట్టం 'యాంటిక్' (పురాతన ఆయుధం) కింద చూస్తుంది, తుపాకీల లెక్కలో వేయదు. నిన్న తయారైనదైనా సరే. రెండోది, అమెరికాలో చట్టప్రకారం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉన్న తాత్కాలిక వీసాదారుకు నిషేధం నుంచి మినహాయింపు ఉంది.

మొదటి రక్షణలో ఒక మెలిక ఉంది. కొన్ని మోడల్స్‌లో గొట్టం విప్పి వేరే గొట్టం బిగిస్తే అదే తుపాకీ మామూలు తూటాలు పేలుస్తుంది. అలాంటిది యాంటిక్ కాదు, చట్టం దృష్టిలో పూర్తిస్థాయి తుపాకీ. అందుకే మీ స్నేహితుడిని మోడల్ పేరు అడిగి కనుక్కోండి, గొట్టాలు మార్చే రకమా అని సూటిగా అడగండి. ఆ రకమైతే ఇక మిమ్మల్ని కాపాడేది లైసెన్సు ఒక్కటే. దాని గడువు ముగిసిన రోజే మీ మినహాయింపూ ముగుస్తుంది. నా సలహా, రకం ఏదైనా లైసెన్సు చేతికి రాకముందు తుపాకీ తీసుకోవద్దు, వేట అయ్యాక ఇంట్లో ఉంచుకోవద్దు. వేరే రాష్ట్రానికి మారితే అక్కడి చట్టం కొత్తగా చూసుకోండి, కొన్ని రాష్ట్రాలు మజిల్‌లోడర్‌నూ మామూలు తుపాకీలాగే చూస్తాయి.

పరికరాల రూల్ తప్పితే జరిమానాతో పోదు, లైసెన్సు మీద పాయింట్లు పడతాయి. ఐదేళ్లలో 20 చేరితే వేట హక్కు సస్పెండ్ కావచ్చు, వేట ఉల్లంఘనలపై రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందంలో చేరిన మిగతా రాష్ట్రాలూ దాన్ని పాటిస్తాయి. గ్రీన్‌కార్డు ఫారాల్లో గతంలో పడ్డ కేసుల గురించి అడుగుతారు కాబట్టి, ఏ చలానా వచ్చినా కాగితాలు దాచుకోండి. కోర్టుకు రమ్మంటే వెళ్లేముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి.

బట్టల విషయం. విల్లుతో వేటాడేవారికి లేదు గానీ మజిల్‌లోడర్ పట్టినవారికి మెరిసే నారింజ లేదా గులాబీ రంగు తప్పనిసరి. నడుము పైన 500 చదరపు అంగుళాలు ఉండాలి, నలువైపులా కనిపించే టోపీ కూడా ఉండాలి. ఆకుల డిజైన్ ఉన్న నారింజ బట్ట లెక్కకు రాదు.

కొత్తవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది మాత్రం సాయంత్రం బండి దగ్గరికి వచ్చాకే. అలసిపోయి తుపాకీని అలాగే సీటు మీద పెడతారు. మూతిలో మందు, గుండు ఉన్నా ఫర్వాలేదు గానీ, ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ) అమర్చి ఉంటే కొలరాడోలో అది దట్టించిన తుపాకీయే, దాన్ని బండిలో పెట్టడం నేరం. బండి తలుపు తీసేముందే ప్రైమర్ తీసి జేబులో వేసుకోండి. బయల్దేరేముందు కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) వారి ఈ ఏటి బిగ్ గేమ్ బ్రోషర్ (పెద్ద జంతువుల వేట రూల్సు పుస్తకం) ఫోన్‌లో దించుకోండి, కొండల్లో సిగ్నల్ ఉండదు.