సందేహం వస్తే క్రైస్తవ విశ్వాసం పోయినట్టేనా?

కాదు, సందేహం రావడం, విశ్వాసం పోవడం ఒకటి కాదు. కొత్త నిబంధన గ్రీకులో విశ్వాసానికి వాడిన మాట 'పిస్టిస్'. ఒకరి మీద నమ్మకం పెట్టుకోవడం, ఆ నమ్మకానికి కట్టుబడి ఉండడం అనే అర్థాలు అందులో ఉన్నాయి. ప్రతి ప్రశ్నకూ జవాబు దొరికాకే మనం ఒక మనిషిని నమ్మం కదా, ఇదీ అలాంటిదే.

బైబిల్లోని యోహాను సువార్త 20వ అధ్యాయంలో యేసు శిష్యుడైన తోమాను చూడండి. సిలువ మీద చనిపోయిన యేసు తిరిగి లేచాడని మిగతా శిష్యులు చెప్తే, ఆయన చేతుల్లోని మేకుల గుర్తుల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనని తెగేసి చెప్పాడు. అయినా తోటి శిష్యులు అతన్ని వెలివేయలేదు. ఎనిమిది రోజుల తర్వాత, తలుపులు మూసి ఉన్న ఇంట్లో అతను వాళ్ల మధ్యే ఉన్నాడు. యేసు వచ్చి తన చేతులు చూపించి, వేలు ఇటు చాచమన్నాడు. నాకైతే ఆ అధ్యాయంలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

చాలామంది పొరబడేది ఆ తర్వాత యేసు అన్న మాట దగ్గర. 'చూడకుండా నమ్మినవారు ధన్యులు' అంటే ప్రశ్నలు అడగొద్దని అర్థం చేసుకుంటారు. కానీ వెంటనే యోహాను, మీరు నమ్మాలనే ఈ సంగతులు రాశానంటాడు. అంటే కళ్లతో చూడనివారి ముందు చూసినవారి సాక్ష్యం పెడుతున్నాడు, కళ్లు మూసుకొని నమ్మమనడం లేదు.