వంజరం వేపుడుకి, చేపల పులుసుకి ఏ వైన్ నప్పుతుంది?
వైజాగ్‌లో చాలామంది అలవాటుగా రెడ్ వైనే తెస్తారు. చేపల కూరలకి అది దండగ. అందులోని టానిన్ (నోరు పొడిబార్చే వగరు పదార్థం) కారాన్ని ఇంకా మండిస్తుంది. పైగా వైన్‌లోని ఇనుము చేపనూనెతో కలిసి నోట్లో నీచు, తుప్పు రుచి మిగులుస్తుంది.

వంజరం, రొయ్యల వేపుళ్లకి నా ఓటు ఫినో షెర్రీ అనే వైట్ వైన్‌కే. స్పెయిన్‌లోని హెరెజ్ ప్రాంతంలో, పీపాల్లో ఈస్ట్ పొర కింద ఊరుతుంది. తీపి అసలుండదు, పచ్చి బాదం వాసన. ఆల్కహాల్ 15 శాతం కాబట్టి గ్లాసుకి 75 మి.లీ. చాలు. 7–9 డిగ్రీల చల్లదనంలో తాగాలి. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టినా వారంలోగా అవగొట్టాలి, లేకపోతే గాలి సోకి చప్పబడిపోతుంది. లేబుల్ మీద ‘క్రీమ్’ అని ఉంటే అది తీపి షెర్రీ, వేపుడు పక్కన వద్దు.

పులుసుకి పులుపెక్కువుండే వైట్ వైన్ సావిన్యాన్ బ్లాంక్: చింతపండు ముందు పులుపు తక్కువున్న వైన్ నిలబడదు. కారం దిట్టంగా ఉంటే కాస్త తీపి తగిలే నాసిక్ వైట్ వైన్ షెనిన్ బ్లాంక్ మేలు. మటన్‌కి ఒలొరోసో షెర్రీ (ఈస్ట్ పొర లేకుండా గాలి తగులుతూ ఊరే ముదురు రంగు రకం).

మన ఉక్కపోతకి బాటిల్ చల్లబడాలంటే బకెట్‌లో వట్టి ఐస్ చాలదు. సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు కలపండి, 20 నిమిషాల్లో పని అయిపోతుంది.